రెండు తూనికరాళ్లు



ఈ మాటలు రాయాలా వద్దా అని రెండు నెలలు ఆలోచించాను. మన పత్రికలో సంఘ వార్తలు, కూడికల సమాచారము, వాక్య ధ్యానములు వస్తాయి గాని రాజకీయములు రావు. అది మంచి అలవాటే. అయితే నేను రాయబోయేది ఒక పార్టీని గురించి కాదు, మన మనస్సాక్షిని గురించి. గనుక ఓపికతో చివరిదాకా చదవమని మనవి చేస్తున్నాను.

నేను ఒంగోలు ప్రాంతములో ఉపాధ్యాయునిగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. కుమార్తె ఉద్యోగము నిమిత్తము పదకొండేళ్లుగా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉంటున్నాను. శుక్రవారము రాత్రి మన తెలుగు కుటుంబాలు ఎవరో ఒకరి ఇంట ప్రార్థనకు కూడుకుంటాము. ఈ ఇళ్లలో చాలావాటినుండి ఒకరిద్దరు పిల్లలు డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో అట్లాంటాలోనో ఉన్నారు. కాబట్టి కూడిక ముగిసి టీ తాగేవేళ అమెరికా మాట రాకుండా ఉండదు.

ఒక శుక్రవారము ఒక సహోదరుడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. హ్యూస్టన్ పక్కనున్న షుగర్ ల్యాండ్ అనే ఊరిలో, అష్టలక్ష్మి దేవాలయ ఆవరణలో, 2024 ఆగస్టులో 90 అడుగుల హనుమంతుని విగ్రహమును ప్రతిష్ఠించారు. తెలుగువారందరికీ తెలిసిన చిన్న జీయర్ స్వామి దానిని తలపెట్టారు. మరుసటి ఏడు సెప్టెంబరులో, టెక్సాస్ నుండి సెనేటుకు పోటీ చేయదలచిన ఒక నాయకుడు, ఇది క్రైస్తవ దేశమనీ, అబద్ధ దేవుని విగ్రహమును ఇక్కడ ఎందుకు ఉండనివ్వాలనీ బహిరంగముగా అడిగాడు. వీడియోలోని వ్యాఖ్యాత ఆ మాటను గట్టిగా సమర్థించాడు. మా కూడికలో ముగ్గురు నలుగురు "ఆమేన్" అన్నారు. నేను నోటితో అనలేదు గాని తల ఊపాను.

మర్నాడు ఉదయము అగర చెరువు గట్టుమీద నడుస్తుండగా మా కింది అంతస్తు పెద్దమనిషి ఎదురయ్యారు. కన్నడిగుడు, బ్యాంకులో పనిచేసి విరమించినవారు, తెలుగు బాగా వచ్చు. ఆయన చేతిలోని ఫోనులోనూ అదే వీడియో ఉంది.

"మేష్ట్రే, ఇది చూశారా?" అన్నారు. "పోయిన డిసెంబరులో మన అపార్టుమెంటులో మీ క్రిస్మసు పాటలు వద్దని కొందరు పట్టుబట్టినప్పుడు మీ పక్షాన మాట్లాడింది నేనే. ఇప్పుడు మా అబ్బాయి ఇది చూపించి, నాన్నా, నువ్వు ఎవరికోసము మాట్లాడావు, వాళ్ల చేతికి అధికారము వస్తే మనకు చేసేది ఇదే కదా అంటున్నాడు. వాడికి నేనేమి చెప్పాలి?"

నాకు జవాబు తోచలేదు. ఏదో సర్దిచెప్పి ఇంటికి వచ్చాను. ఆ ప్రశ్న మాత్రము ఇంటిదాకా నా వెంట వచ్చింది.

ప్రియులారా, ఈ దేశములో మనము కోరుతున్నదేమిటి? మన ఇంట్లో మనము ప్రార్థించుకోనివ్వమని, మన విశ్వాసమును పొరుగువానికి చెప్పుకోనివ్వమని, నమ్మినవానికి బాప్తిస్మము ఇచ్చుకోనివ్వమని. రాజ్యాంగములోని 25వ అధికరణము ఈ హక్కును ఇచ్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో మతప్రచారమనే మాట మీద చర్చ జరిగినప్పుడు, దానిని ఉంచాలని వాదించినవారిలో క్రైస్తవులు కాని పెద్దలు కూడా ఉన్నారు. వారు తమ మతము కోసము కాదు, మన కోసము మాట్లాడారు. ఇటీవల ఈ కర్ణాటకలోనే, మతము మారదలచినవాడు 30 రోజులు ముందుగా జిల్లా అధికారికి తెలియజేయాలని 2022లో చట్టము చేసినప్పుడు మన సంఘాలు ఎంత కలవరపడ్డాయో మీకు తెలుసు. 2023 జూన్‌లో తరువాతి ప్రభుత్వపు మంత్రివర్గము దానిని రద్దు చేయ తీర్మానించినప్పుడు దేవునికి స్తోత్రములు చెల్లించాము. మనస్సాక్షికీ దేవునికీ మధ్య అధికారి కుర్చీ వేసుకొని కూర్చోరాదని అప్పుడు మనమందరము అన్నాము.

మరి అదే మాట షుగర్ ల్యాండ్‌లో ఎందుకు అనలేకపోయాము?

ఇంకొక సంగతి జ్ఞాపకము చేసుకుందాము. 2019 క్రిస్మసు దినాన, బెంగళూరుకు దక్షిణముగా కనకపుర తాలూకాలో, కతోలిక విశ్వాసులు ఎక్కువగా ఉన్న హారోబెలె దగ్గర కపాలబెట్ట మీద, 114 అడుగుల యేసు విగ్రహమునకు శంకుస్థాపన చేశారు. 2020 జనవరిలో దానికి వ్యతిరేకముగా కనకపురలో పెద్ద ఊరేగింపు జరిగింది. ఆ స్థలము ప్రభుత్వము ఇచ్చినది గనుక దానిమీద న్యాయమైన ప్రశ్నలు కూడా ఉన్నాయి. బాప్టిస్టులమైన మనకు విగ్రహముతో పని లేదు. అయినను ఈ దేశములో యేసు బొమ్మ ఎందుకని కొందరు కేకలు వేసినప్పుడు మన గుండెకు గుచ్చుకున్నది. షుగర్ ల్యాండ్ విగ్రహమైతే ప్రభుత్వ భూమిలో కూడా లేదు, దేవాలయము వారి సొంత ఆవరణలో ఉంది. కనకపురలో గుచ్చుకున్న మాటే షుగర్ ల్యాండ్‌లో మనకు తియ్యగా వినబడితే, మన సంచిలో రెండు తూనికరాళ్లు ఉన్నట్టే. కొనేటప్పుడు బరువైనది, అమ్మేటప్పుడు తేలికైనది. ఇటువంటి రాళ్లను గురించి ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయము, సామెతలు 20వ అధ్యాయము ఏమి చెప్పుచున్నవో మన ఆదివారపు బడి పిల్లలను అడిగినా చెబుతారు. దేవునికి అవి అసహ్యము.

దీనికి కొందరు సహోదరులు చెప్పే అభ్యంతరములు నాకు తెలుసు. అవి తేలికైనవి కావు.

మొదటిది. "సత్యమునకూ అసత్యమునకూ సమాన హక్కులు ఎలా ఉంటాయి? యేసు ఒక్కడే మార్గమని నమ్మినవాడు విగ్రహము పక్షాన ఎలా మాట్లాడతాడు?" యేసు ఒక్కడే మార్గమని నేనూ నమ్ముతున్నాను. ఆ నమ్మకములో ఇసుమంతైనా తగ్గను. కాని హక్కులు సిద్ధాంతములకు ఉండవు, మనుషులకు ఉంటాయి. హనుమంతుని విగ్రహమునకు హక్కు ఉందని నేను అనడము లేదు. దానికి మొక్కే మనిషికి తన మనస్సాక్షి ప్రకారము నడుచుకొనే హక్కు ఉంది. దేవుడే అతనిని బలవంతముగా లోబరచుకోనప్పుడు ప్రభుత్వము చేత లోబరచమని అడగడానికి మనమెవరము?

బాప్టిస్టులకు ఇది కొత్త మాట కాదు, పుట్టుకతో వచ్చిన మాట. ఇంగ్లాండులో తొలి బాప్టిస్టు కాపరులలో ఒకరైన థామస్ హెల్విస్ 1612లో పుస్తకము రాసి, రాజు మనుషుల ప్రాణాత్మలకు ప్రభువు కాడనీ, తురకలనైనా యూదులనైనా మత విషయములో శిక్షించే అధికారము భూసంబంధమైన రాజుకు లేదనీ చెప్పాడు. ఆ మాటకు చెరసాల పాలై అక్కడే కన్నుమూశాడు. రోజర్ విలియమ్స్‌ను మసాచుసెట్స్ వారు బహిష్కరించగా, అతడు 1636లో ప్రావిడెన్స్ అనే ఊరు కట్టి అందులో ఏ మతస్థుడైనా ఉండవచ్చన్నాడు. అమెరికాలో మొదటి బాప్టిస్టు సంఘము 1638లో అక్కడే ఏర్పడింది. 1651లో ఓబద్యా హోమ్స్ అనే బాప్టిస్టు బోధకుని బోస్టనులో 30 కొరడా దెబ్బలు కొట్టారు. కొట్టించినవారు అన్యులు కారు, క్రైస్తవ రాజ్యము కట్టుచున్నామనుకొన్న క్రైస్తవులు. వర్జీనియాలో 1768 మొదలుకొని ప్రభుత్వ అనుమతి లేకుండా వాక్యము చెప్పారని బాప్టిస్టు బోధకులను చెరలో వేశారు. ఆ అనుమతి పత్రానికీ మన 30 రోజుల నోటీసుకూ ఎంత దూరమున్నదో మీరే ఆలోచించండి.

రెండవ అభ్యంతరము. "అమెరికా క్రైస్తవులు కట్టిన దేశము. వారి దేశములో వారి మతమునకు మొదటి పీట వేసుకుంటే తప్పేమిటి?" ఆ దేశము కట్టినవారిలో క్రైస్తవులు చాలామంది ఉన్నమాట నిజమే. కాని ఏ పదవికీ మతపరీక్ష ఉండరాదని 1787లో తయారైన వారి రాజ్యాంగములోనే రాశారు. ప్రభుత్వము ఒక మతమును స్థాపించరాదని 1791లో మొదటి సవరణ వచ్చింది. దాని కోసము గట్టిగా పోరాడినవారిలో వర్జీనియాలో సేవ చేసిన జాన్ లేలాండ్ వంటి బాప్టిస్టు బోధకులు ఉన్నారు. కనెక్టికట్‌లో అప్పటికి ఒక సంఘమే ప్రభుత్వ సంఘముగా ఉండేది. అక్కడి డాన్‌బరీ బాప్టిస్టులు 1801లో అధ్యక్షుడు జెఫర్సన్‌కు తమ బాధ రాసుకున్నారు. మా స్వేచ్ఛ ప్రభుత్వము దయతో ఇచ్చే వరముగా కాక మనిషికి పుట్టుకతో ఉన్న హక్కుగా ఉండాలని వారి కోరిక. 1802 జనవరి 1న జెఫర్సన్ జవాబు రాస్తూ సంఘమునకూ ప్రభుత్వమునకూ మధ్య గోడ అనే మాట వాడాడు. అదే రోజున లేలాండ్, మసాచుసెట్స్‌లోని తన చెషైర్ ఊరివారు చేసిన 1,235 పౌనుల చీజ్ గడ్డను కానుకగా అధ్యక్షునికి అప్పగించాడు. ఆ గోడను అడిగినవారు దేవుడు వద్దన్నవారు కారు, దేవుని కోసము దెబ్బలు తిన్నవారు. ఈ రోజు ఆ గోడ నాస్తికుల పన్నాగమని చెప్పే వ్యాఖ్యాతలు మన పితరుల చరిత్రను మనకే దాచిపెడుతున్నారు.

మూడవది అన్నిటికంటె బలమైనది. "అయితే క్రైస్తవుడు చట్టముల విషయములో నోరు మూసుకోవాలా? అమెరికాలోని సంప్రదాయవాదులు గర్భస్థ శిశువు కోసము, కుటుంబము కోసము నిలబడితే అది తప్పా?" తప్పు కాదు. 1973 నాటి రో తీర్పును 2022 జూన్ 24న అక్కడి సుప్రీం కోర్టు కొట్టివేసినప్పుడు సంతోషించినవారిలో నేనొకడిని. ఈ రెండింటి తేడా రోజర్ విలియమ్స్ ఆనాడే చెప్పాడు. పది ఆజ్ఞలు రెండు పలకల మీద ఉన్నాయి. మొదటి పలక మనిషికీ దేవునికీ మధ్య సంగతి: ఎవరిని ఆరాధించాలి, ఎలా ఆరాధించాలి. రెండవ పలక మనిషికీ పొరుగువానికీ మధ్య సంగతి: చంపకుండుట, దొంగిలించకుండుట, అబద్ధసాక్ష్యము చెప్పకుండుట. ప్రభుత్వపు కత్తి రెండవ పలక వరకే చెల్లుతుంది. మొదటి పలక జోలికి అది రాకూడదు. ఒక ప్రాణమును కాపాడమని అడిగేటప్పుడు మనము హిందువుతోనూ ముస్లిముతోనూ నాస్తికునితోనూ అందరికీ అర్థమయ్యే మాటలతో వాదించగలము, వారిని ఒప్పించగలము. ఫలాని దేవునికి మొక్కే చోటు మూసివేయమని అడిగేటప్పుడు మన చేతిలో వాదము ఉండదు, కర్ర మాత్రమే ఉంటుంది.

ఈ కొలతతో ఇటీవలి సంగతులను కొలిచి చూడండి. లూసియానాలో 2024లో, టెక్సాస్‌లో 2025లో, ప్రభుత్వ పాఠశాలల ప్రతి తరగతి గదిలో పది ఆజ్ఞలను గోడకు పెట్టాలని చట్టములు చేశారు. వాటి మీద కోర్టుకు వెళ్లినవారిలో క్రైస్తవులు కూడా ఉన్నారు. ఆజ్ఞలు నాకు కంఠోపాఠము. నా మనుమలు నేర్చుకోవాలని నా కోరిక. కాని యూదులు, కతోలికులు, మనము ఆ పదింటిని మూడు విధాలుగా లెక్కపెడతాము. ఏ లెక్క, ఏ మాటలు అని శాసనసభ తీర్మానించిందంటే వేదాంత బోధకుని పీఠము అది ఎక్కినట్టే. 2022 మార్చిలో గుజరాత్ ప్రభుత్వము 6 నుండి 12వ తరగతి దాకా పాఠశాలలలో భగవద్గీతను ప్రవేశపెడతామన్నప్పుడు మన పిల్లల సంగతేమిటని అడిగాము. టెక్సాస్ తరగతి గదిలో కూర్చున్న హిందూ తెలుగు పిల్లవాని తండ్రి కూడా అదే ప్రశ్న అడిగితే అతనికి మన జవాబు ఏమిటి?

కొందరు స్నేహితులు ఇంకొక మాట అంటారు. "ఇలాంటి మాటలకు మనము ఆమేన్ అంటే చివరికి నష్టపోయేది మన పిల్లలే. క్రైస్తవ దేశము అని కేక వేసే గుంపు మన పిల్లవాని బాప్తిస్మమును చూడదు, చర్మమును చూస్తుంది. కొత్త హెచ్‌వన్‌బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టిన 2025 సెప్టెంబరు నాటి ప్రకటనలో క్రైస్తవులకు మినహాయింపు లేదు." ఇది నిజమే. కాని నేను ఈ వాదము మీద ఆనుకోదలచలేదు. ఇది లాభనష్టాల లెక్క. నష్టము లేకపోతే అన్యాయము చేయవచ్చునా? అసలు పరీక్ష ఇది: మనము స్వేచ్ఛను కోరేది న్యాయమని నమ్మి కోరుతున్నామా, లేక కొద్దిమందిమి గనుక కోరుతున్నామా? కొద్దిమందిగా ఉన్నచోట ఈ ప్రశ్నకు జవాబు బయటపడదు. మనవారు ఎక్కువగా ఉన్నచోటనే బయటపడుతుంది.

అలాంటి ఒక చోటు నాకు తెలుసు. అది మా పల్లె.

గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న మా పల్లెలో దాదాపు అందరూ బాప్టిస్టులే. ఒక్క ముసలమ్మ మాత్రము వేపచెట్టు కింద పోలేరమ్మ రాయిని పెట్టుకొని పసుపు పూసుకునేది. 1968 వేసవిలో, నాకు పదిహేనేళ్లప్పుడు, మందిరము ప్రహరీ కట్టబోతూ ఆ రాయి అడ్డమని కొందరు పెద్దలు అనుకోవడము విన్నాము. ఆ రాత్రి నలుగురు కుర్రవాళ్లము కలిసి రాయిని పెకలించి మడుగులో పడవేశాము. గిద్యోను చేసిన పని చేశామనుకున్నాము. తెల్లవారి ఆ ముసలమ్మ ఎవరినీ తిట్టలేదు. ఆ గుంట పక్కన కూర్చొని సాయంత్రము దాకా లేవలేదు.

మా నాన్న సంఘములో డీకను. విగ్రహమునకు పెట్టిన ప్రసాదము మా ఇంటి గడప దాటనిచ్చేవాడు కాదు. సంగతి తెలిసి నన్ను పిలిచి, "పో, పోయి ఆ రాయి తీసుకురా" అన్నాడు. అది దేవుడు కాదు కదా నాన్నా అన్నాను. "కాదు. కాని దాన్ని అక్కడ పెట్టింది ఆమె చెయ్యి. తీయాల్సింది కూడా ఆమె చెయ్యే. నీ చెయ్యి కాదు" అన్నాడు. నడుము లోతు నీళ్లలో వెతికి, ఆ రాయిని భుజాన పెట్టుకొని పల్లె అందరి ముందు నడిచి వచ్చాను. గిద్యోను తన తండ్రి బలిపీఠమును పడగొట్టాడు, నేను పెకలించినది పరాయి ఇంటి రాయి అన్న తేడా ఆ దారిలోనే నాకు తెలిసింది. ప్రహరీ గోడ ఆ చెట్టు దగ్గర కొంచెము వంపు తిరిగింది. ఇప్పటికీ అలాగే ఉంది. ఆమె చనిపోయేదాకా మా నాన్న వెళ్లి పలకరించేవాడు, సువార్త చెప్పేవాడు. ఆమె బాప్తిస్మము పొందలేదు. అయినా నాన్న తాను చేసినది తప్పని ఎన్నడూ అనలేదు.

మా నాన్న చదివింది ఐదవ తరగతి. హెల్విస్ పేరు ఆయనకు తెలియదు. కాని ఆ బుద్ధి మన సంఘములో ఎక్కడినుండి వచ్చిందో నాకు తెలుసు. 1876 నుండి 1878 దాకా కరువు వచ్చినప్పుడు క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించారు. బాప్తిస్మము ఇవ్వమని జనము అడుగుతుండగా ఏడాదికి పైగా ఆయన నిరాకరించారు. అన్నము కోసము వచ్చేవాడు విశ్వాసము కోసము వచ్చినవాడో కాదో తెలియదని ఆయన భయము. సహాయపు పని ఆగిన తరువాతనే, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్యను మనము గర్వముగా చెప్పుకుంటాము. దానికి ముందు ఆయన ఇవ్వకుండా ఆపిన నెలలను కూడా చెప్పుకోవాలి. రొట్టెతో విశ్వాసమును కొనరాదని నమ్మినవారి పిల్లలము మనము. చట్టముతో మాత్రము కొనవచ్చునా?

ఇదంతా ఆలోచించాక నేను కింది అంతస్తుకు వెళ్లాను. "ఆ వీడియోకు తల ఊపినవారిలో నేనూ ఉన్నానండీ. అది తప్పు. అక్కడి గుడి మీద ఎవరైనా చెయ్యి వేస్తే దానిని వద్దనవలసినవారిలో నేను మొదటివాణ్ణి కావాలి" అని ఆ పెద్దమనిషితో చెప్పాను. ఆయన కాసేపు ఊరుకొని, "ఈ మాట మా అబ్బాయితో మీరే చెప్పండి" అని లోపలికి పిలిచి కాఫీ ఇప్పించారు. ఆ అబ్బాయి మర్యాదగా విన్నాడు. విని, "థాంక్స్ అంకుల్. కానీ ఇలా అంటున్నది మీరొక్కరే కదా?" అన్నాడు.

అతని మాట నిజము. ఒక్కడు చెబితే చాలదు. అందుకే ఇది రాశాను.

ఇకమీదట మన కూడికలలో అటువంటి వీడియో వస్తే ముందుకు పంపక ఆపివేద్దాము. మన దేవాలయముల భద్రత కోసము ప్రార్థించే ప్రతిసారి, మనవారు అధిక సంఖ్యలో ఉన్న దేశాలలోని ఇతరుల ఆరాధన స్థలముల కోసము కూడా ప్రార్థిద్దాము. టెక్సాస్‌లో ఉన్న మన పిల్లలకు ఫోను చేసినప్పుడు, ఆ గుడి వాకిట ఎవరైనా నిలబడి కేకలు వేస్తే, నువ్వు గుడికి మొక్కనవసరము లేదు గాని అక్కడున్న తెలుగు పొరుగువాని పక్కన నిలబడు అని చెబుదాము. సువార్త చెప్పడము మానవద్దు. దానితోపాటు కర్ర పట్టవద్దు.

మన సంచిలో ఒక్కటే తూనికరాయి ఉండునట్లు, ఇక్కడ కొలిచిన కొలతతోనే అక్కడను కొలుచునట్లు, ప్రభువు మనకందరికి కృప అనుగ్రహించును గాక. ఆమేన్.